కాలువ, చెరువు: కోనసీమ ఇళ్లలో మీడియా నిల్వ, చిన్న లినక్స్ యంత్రం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాటలు, చలనచిత్రాలు, కుటుంబ వీడియోలను ఒకచోట నిల్వచేసి ఇంటిలోని అన్ని తెరలకూ అందించే యంత్రాన్ని మీడియా సర్వర్ అంటారు. తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న లినక్స్ యంత్రాలు ఈ పనికి పనికివచ్చేలా మారిన క్రమాన్ని, కోనసీమలో దృశ్యశ్రవ్య సామగ్రి నిల్వ చేతులు మారిన క్రమంతో కలిపి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2016 డిసెంబరులో మోరి గ్రామానికి వచ్చిన ఫైబర్ తీగ, 2022 మే నెలలో నిలిచిపోయిన మొబైల్ ఇంటర్నెట్ ఇందులో ప్రధానాంశాలు. ప్రసారమార్గం చౌకైనకొద్దీ నిల్వ ఇంటికి దూరమైందని, ఇంటిలోకి వచ్చిన కంప్యూటరు ఎవరి అదుపులో ఉన్నదన్న ప్రశ్న వేగానికి సంబంధించిన ప్రశ్నకంటే ముఖ్యమని ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: కోనసీమ, మోరి, మీడియా సర్వర్, లినక్స్, కేబుల్ టీవీ, ఫైబర్‌నెట్, ఫ్రీడంబాక్స్, గృహ భాండారం.

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో పెరిగినవారు కాలువను, చెరువును రెండు వేర్వేరు ఏర్పాట్లుగా చూస్తారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే కాలువలే కోనసీమ వరిచేలకు ఆధారం. అయితే ఏటా వేసవిలో మరమ్మతుల కోసం ఆ కాలువలను కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువును నిండా నింపుకుంటారు. కాలువ తిరిగి వదిలేవరకు ఊరికి ఆ చెరువే దిక్కు. లాకులు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నీటిపారుదల శాఖ నిర్ణయిస్తుంది. చెరువులో నీటి సంగతి ఊరు చూసుకుంటుంది.

ఇంటర్నెట్ ద్వారా ఇంటికి చేరే పాటలకు, సినిమాలకు, పాఠాలకు ఈ పోలిక వర్తిస్తుంది. వేగంగా పనిచేసే తీగ కాలువ; ఇంటిలోనే ఉన్న నిల్వ చెరువు. గత నాలుగు దశాబ్దాలలో కోనసీమ ఇళ్లలో కాలువ వెడల్పవుతూ, చెరువు పూడిపోతూ వచ్చింది. అరచేతిలో ఇమిడే లినక్స్ యంత్రం ఆ చెరువును తిరిగి తవ్వుకునే వీలు కల్పించింది. ఆ వీలు ఎలా వచ్చిందో, దానిని ఎందుకు తక్కువమంది వాడుకున్నారో తెలుసుకోవడం ఈ వ్యాసోద్దేశం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ‘సర్వర్’ అనే పదం తెలుగువారికి కంప్యూటర్లకంటే ముందే తెలుసు. కాఫీ హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషి సర్వర్. అర్థం పెద్దగా మారలేదు. అడిగినది అడిగినవారి ముందుకు తెచ్చేదే సర్వర్. వంటిల్లు ఎవరిదన్నదే తేడా.

2. బీరువా నుండి కేబుల్ గదికి

కోనసీమ నుండి, ప్రత్యేకించి రాజోలు ప్రాంతం నుండి, గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు ఎక్కువ. వారు తిరిగివచ్చేటప్పుడు తెచ్చే సామానులో మొదట టేప్‌రికార్డరు, తరువాత వీసీఆర్ ఉండేవి. రేడియోలో వచ్చినదాన్ని విని వదిలేయవలసిందే. క్యాసెట్టును దాచుకోవచ్చు, మళ్లీ వినవచ్చు, పక్కింటికి ఇవ్వవచ్చు. ఈ యంత్రాలతోనే శబ్దం, దృశ్యం మొదటిసారిగా ఇంటి బీరువాలోకి చేరాయి. పట్టుచీరల పక్కన పెళ్లి వీడియో క్యాసెట్టును దాచడం అప్పటి అలవాటు.

1990లలో ఊరూరా కేబుల్ ఆపరేటరు వచ్చాడు. ఒక చిన్న గది, దాని డాబాపై డిష్ యాంటెన్నాలు, లోపల ఒక వీసీఆర్. కొన్నేళ్లకు దాని స్థానంలో సీడీ ప్లేయరు, ఆ తరువాత కంప్యూటరు. ఉపగ్రహ ఛానళ్లతోపాటు ఆపరేటరు సొంత ఛానల్ ఒకటి నడిచేది. ఏ సినిమా వేయాలో కోరేవారు, వేయించుకునేవారు. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం వంటి ఉత్సవాల వీడియోలు, ఊరి బడి వార్షికోత్సవాలు, ఎవరింటి పెళ్లో ఒకటి ఆ ఛానల్లోనే కనిపించేవి. సాంకేతికంగా ఆలోచిస్తే ఆ గది ఊరుమ్మడి మీడియా సర్వర్. నిల్వ ఊరిలోనే ఉంది, దాన్ని నడిపే మనిషి ఊరివాడే, మొరపెట్టుకోవడానికి ఇంటికి వెళితే సరిపోయేది.

ఆ గదిలో వేసిన సినిమాలన్నింటికీ హక్కులు ఉండేవని ఎవరూ వాదించరు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం ఆపరేటర్లను నమోదు కిందికి, కార్యక్రమ నియమావళి కిందికి తెచ్చింది. మాధ్యమ చరిత్రకారులు ఈ దశను చాలావరకు ‘పైరసీ’ అనే ఒక్క పదంతో ముగించడం మాత్రం అన్యాయం. సినిమా రీళ్లు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. ఊరి తీర్థం వీడియోకు కేబుల్ గది తప్ప వేరే భాండారం లేదు.

2011 నాటి చట్టసవరణతో మొదలైన డిజిటలీకరణ నాలుగో దశలో గ్రామీణ ప్రాంతాలకు చేరింది. దానికి చివరి గడువు 2017 మార్చి 31. సంకేతీకరించిన ప్రసారం, ప్రతి ఇంటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చాయి. బొమ్మ స్పష్టంగా వచ్చింది, లెక్కలు సక్రమమయ్యాయి. అయితే ప్రసార కేంద్రం ఊరి గది నుండి పెద్ద సంస్థల చేతికి తరలింది. ఆపరేటరు చందా వసూలు చేసే మనిషిగా మిగిలాడు. పాత క్యాసెట్లు, సీడీలు అటకెక్కాయి.

ఈ మధ్యకాలంలో నిల్వ ఇంకొకచోట కొంతకాలం బతికింది. అది సెల్ షాపు. పది ఇరవై రూపాయలు ఇస్తే మెమరీ కార్డులో పాటలు ‘ఎక్కించి’ ఇచ్చే దుకాణం ప్రతి సంతలోనూ ఉండేది. దుకాణదారుడి కంప్యూటరులో నటుల పేర్లతో, గాయకుల పేర్లతో, ‘భక్తి’, ‘జానపదం’ అనే పేర్లతో వరుసగా ఫోల్డర్లు ఉండేవి. గ్రంథాలయ శాస్త్రం చదవని ఆ వర్గీకరణ మీద ఎవరైనా పరిశోధన చేయదగినంత పని ఉంది.

3. 2016

ఒకే సంవత్సరంలో మూడు సంఘటనలు జరిగాయి. జూలైలో జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ వీసీఆర్‌ల తయారీని నిలిపివేసింది. ప్రపంచంలో వాటిని చివరివరకు తయారుచేసిన సంస్థగా పేరున్నది అదే. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధర దాదాపు లేనట్టే అయింది. డిసెంబరు 29న సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ఫైబర్‌గ్రిడ్ సేవలను ప్రారంభించారు.

జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందిన మోరి ఇందుకు ఎంపిక కావడానికి ఒక నేపథ్యం ఉంది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యులు సాల్మన్ డార్విన్ స్వగ్రామం అది. ఆయన చేపట్టిన స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి మోరి తొలి వేదిక అయింది. విద్యుత్ స్తంభాలనే ఆధారం చేసుకొని తీగ వేయడం వల్ల తవ్వకాల ఖర్చు తగ్గింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ మూడూ ఒకే తీగ ద్వారా ఇవ్వడం ఆ పథకం వాగ్దానం. ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. మరుసటి సంవత్సరం, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని లాంఛనంగా జాతికి అంకితం చేశారు. సముద్రతీరానికి, గోదావరి పాయకు మధ్యనున్న ఊరికి నగరాలతో సమానంగా తీగ చేరడం చిన్న విషయం కాదు. ఈ వ్యాసంలోని విమర్శ ఏదీ ఆ మేలును తక్కువ చేయదు.

అయితే తీగతోపాటు ఇంటిలోకి వచ్చిన పెట్టెను గమనించాలి. ఇటువంటి పెట్టెలో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, నెట్‌వర్క్ అన్నీ ఉంటాయి. సాధారణంగా అవి లినక్స్‌తోనో, లినక్స్ కెర్నెల్ పునాదిగా గల ఆండ్రాయిడ్‌తోనో నడుస్తాయి. అంటే తక్కువ విద్యుత్తుతో పనిచేసే లినక్స్ కంప్యూటరు కోనసీమ పెంకుటింటిలో టీవీ కింద వచ్చి కూర్చుంది. ఎవరూ దాన్ని కంప్యూటరు అనలేదు, ‘బాక్సు’ అన్నారు. సెట్‌టాప్ బాక్సులన్నింటిలాగే అది సేవ నడిపేవారి అదుపులో ఉండే యంత్రం. అది కాలువ చివర బిగించిన కుళాయి. ఇంటివారు తమ వస్తువులు దాచుకోవడానికి రూపొందించినది కాదు.

4. పెట్టెను తెరిచినవారు

ఇదే సందిగ్ధం అమెరికాలో అంతకు పదిహేడేళ్ల ముందు తలెత్తింది. 1999లో అమ్మకానికి వచ్చిన టివో అనే యంత్రం టీవీ కార్యక్రమాలను డిస్కుపై నమోదుచేసేది. అది లినక్స్‌తో నడిచేది. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ లైసెన్సు ప్రకారం దాని మూలగ్రంథాన్ని తయారీదారు ఇవ్వాలి, ఇచ్చారు కూడా. కాని యజమాని దాన్ని మార్చి తిరిగి యంత్రంలో ఎక్కిస్తే యంత్రం అంగీకరించేది కాదు. వంటకం ఎలా చేయాలో చెప్పి, వంటింటికి తాళం వేసినట్టయింది. ఈ తీరుకు ‘టివోయిజేషన్’ అనే పేరే వచ్చింది. 2007లో వెలువడిన జీపీఎల్ మూడో కూర్పు దీన్ని అడ్డుకునే నిబంధన చేర్చింది. లినక్స్ కెర్నెల్ మాత్రం రెండో కూర్పు కిందే ఉండిపోయింది. మన ఇళ్లలోని బాక్సుల సంగతి నేటికీ ఆ రెండు కూర్పుల మధ్య తేడాలోనే ఉంది.

తాళం లేని యంత్రాల కథ వేరుగా నడిచింది. లింక్‌సిస్ సంస్థ వైఫై రౌటరు మూలగ్రంథం 2003లో జీపీఎల్ కారణంగానే బయటికి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌వర్ట్ పుట్టింది. అదే సంస్థ 2004లో విడుదల చేసిన ‘ఎన్ఎస్ఎల్‌యూ2’ ఈ వ్యాసవిషయానికి నిజమైన ఆదిపురుషుడు. యూఎస్‌బీ డిస్కును ఇంటి నెట్‌వర్క్‌కు కలపడం దానికి అప్పగించిన ఏకైక పని. 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, 8 మెగాబైట్ల ఫ్లాష్, రెండు యూఎస్‌బీ రంధ్రాలు దాని ఆస్తి. లోపల లినక్స్ ఉందని గుర్తించిన ఔత్సాహికులు దానికి ‘స్లగ్’ అని ముద్దుపేరు పెట్టి, కొత్త ఫర్మ్‌వేర్ రాసి, చివరికి డెబియన్‌ను సైతం దానిపై నడిపారు. పాటల సర్వరుగా, చిత్రాల సర్వరుగా రాత్రింబవళ్లు చప్పుడు లేకుండా పనిచేసిన చౌక యంత్రం అది. మెలకువ ఉన్నవాడికి 32 మెగాబైట్లు చాలునని అది నిరూపించింది.

మరొకవైపు 2002లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఆటయంత్రం కోసం ఔత్సాహికులు రాసిన మీడియా ప్లేయరు క్రమంగా లినక్స్‌కు చేరి, 2014లో ‘కోడి’ అని పేరు మార్చుకుంది. 2003లో సోనీ మొదలైన తయారీదారులు కలిసి డీఎల్ఎన్ఏ ప్రమాణాలకు పూనుకున్నారు. ఏ సంస్థ టీవీ అయినా ఇంటి సర్వరులోని వీడియోను గుర్తించి చూపగలగడం దాని ఫలితం. 2012 ఫిబ్రవరి 29న బ్రిటనులో 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి వచ్చింది. బడిపిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఉద్దేశించిన ఆ పలక ఎన్నో ఇళ్లలో టీవీ వెనుక మీడియా యంత్రంగా స్థిరపడింది. 2018 డిసెంబరులో, ఎంబీ అనే మీడియా సర్వరు తన మూలగ్రంథాన్ని మూసివేయడంతో, పాత మూలం నుండి జెల్లీఫిన్ చీలి వచ్చింది. ఈ రంగంలో ప్రతి పదేళ్లకూ ఎవరో ఒకరు తలుపు మూయడం, ఇంకెవరో పక్కన మరో ఇల్లు కట్టడం జరుగుతూనే ఉంది.

5. పనితీరు, విద్యుత్తు, ఉప్పుగాలి

యంత్రాన్ని సర్వరుగా మార్చే పనిలో రహస్యమేమీ లేదు. మెమరీ కార్డుపై లినక్స్ ఎక్కించాలి. యూఎస్‌బీ ద్వారా డిస్కు కలపాలి. రౌటరుకు తీగతో జతచేయాలి. టీవీ నేరుగా గుర్తించేందుకు మినీడీఎల్ఎన్ఏ, ఫోనులో బొమ్మలతో కూడిన పట్టికగా చూసేందుకు జెల్లీఫిన్, ఫైళ్లను చేర్చేందుకు సాంబా స్థాపించాలి. చిన్న యంత్రం అసలు బలహీనత రూపాంతరీకరణలో తెలుస్తుంది. టీవీకి అర్థంకాని రూపంలో వీడియో ఉంటే దాన్ని అప్పటికప్పుడు మార్చి పంపడం దాని శక్తికి మించిన పని. అందువల్ల వీడియోలను ముందే హెచ్.264 వంటి సర్వసాధారణ రూపంలోకి వేరొక కంప్యూటరుపై మార్చి పెట్టుకోవడం మేలు. తెలుగు పేర్లు చతురస్రాలుగా కనబడితే ఖతులు చేర్చాలి. పోతన, వేమన ఖతులు డెబియన్‌లో సిద్ధంగా దొరుకుతాయి.

విద్యుత్తు లెక్క కోనసీమ ఇంటికి ముఖ్యం. యంత్రం, చిన్న డిస్కు కలిపి 8 వాట్లు తీసుకుంటే నెలంతా నడిచినా 6 యూనిట్లు దాటదు. 80 వాట్ల పాత కంప్యూటరును అదే పనికి ఉంచితే 57 యూనిట్లు దాటుతుంది. 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీలో సగం శక్తినే వాడుకున్నా సుమారు 900 వాట్‌గంటలు. ఇన్వర్టరు తాను తినేది పోయినా, రౌటరుతో సహా సర్వరు ఒక రోజు నిలుస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారికి కరెంటు ఎన్నాళ్లు పోవచ్చో చెప్పనక్కరలేదు. అంతటి ఉపద్రవంలో సర్వరు ఎవరికీ గుర్తురాదు. కాని ఏటా వచ్చే చిన్న వాయుగుండాలకు ఈ లెక్క పనికివస్తుంది.

హఠాత్తుగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవడం ఈ యంత్రాలకు ఉన్న పాత జబ్బు. అంతర్వేది పరిసరాలలోని ఉప్పుగాలి యూఎస్‌బీ కొనలను తినేస్తుంది. బల్లులు, చీమలు వెచ్చదనాన్ని వెతుక్కుంటూ పెట్టెలోకి చేరతాయి. విదేశీ మార్గదర్శకాలలో ఈ మూడో అంశం కనబడదు.

6. 2022 మే

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. వదంతులను అదుపుచేయడానికి మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. దశలవారీగా పునరుద్ధరించగా కొన్ని మండలాలలో అది దాదాపు రెండు వారాలు అందుబాటులో లేదు. ఆ ఉత్తర్వు మంచిచెడ్డలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. 2017 నాటి టెలికాం సేవల తాత్కాలిక నిలుపుదల నియమాలు, 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు అప్పట్లో అందుకు ప్రమాణాలు.

మాధ్యమ చరిత్ర దృష్టితో మాత్రం ఆ రెండు వారాలు ఒక పరీక్ష. 1998లో ఇదే జరిగివుంటే కేబుల్ గది పనిచేసేది. 2012లో అయితే మెమరీ కార్డు పలికేది. 2022 నాటికి చాలా ఇళ్లలో పాట వినడమంటే దూరపు సర్వరును అడగడమే. ఫోను చేతిలో ఉంది, తెర వెలుగుతోంది, పాట మాత్రం ఊరిలో లేదు. ఇంటిలోనే చిన్న సర్వరు ఉన్నవారికి ఈ చిక్కు రాదు. ఇంటి వైఫై నడవడానికి బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు. ఇక్కడ సూక్ష్మమైన తేడా ఒకటి గుర్తించాలి. ప్లెక్స్ వంటి సర్వర్లు మామూలు అమరికలో లోనికి రానివ్వడానికి సంస్థ ఖాతా అడుగుతాయి. ముందే అమరిక మార్చుకోకపోతే బయటి తీగ తెగినప్పుడు సొంత డిస్కులోని వీడియోకే అనుమతి దొరకకపోవచ్చు. జెల్లీఫిన్, మినీడీఎల్ఎన్ఏలకు అటువంటి పేచీ లేదు. చెరువు ఇంటిలో ఉన్నా తాళంచెవి పొరుగూరిలో ఉంటే ప్రయోజనం కొంతే.

7. ఫ్రీడంబాక్స్, తెలుగు చేతులు

ఈ తాళంచెవి గురించి ముందే ఆలోచించినవారు ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో న్యూయార్కులో న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ ఒక ఉపన్యాసమిచ్చారు. మనుషుల ఉత్తరాలు, ఫొటోలు దూరపు సంస్థల గిడ్డంగులలో కాక, వారి ఇంటి గోడ ప్లగ్గులో పెట్టుకునే చౌక యంత్రంలో ఉండాలని ఆయన వాదన. దాని నుండి పుట్టినదే ఫ్రీడంబాక్స్. డెబియన్‌లో భాగమైన ఆ సాఫ్ట్‌వేరుతో, మీటలు నొక్కడం తెలిసినవారు ఇంటి సర్వరును ఏర్పాటు చేసుకోవచ్చు. మినీడీఎల్ఎన్ఏ కూడా అందులో ఒక అనువర్తనం. దాని అభివృద్ధిలో ప్రధానపాత్ర వహించినవారిలో సునీల్ మోహన్ అడపా వంటి తెలుగువారు ఉండడం మన పరిశోధన పత్రికలలో తగినంతగా నమోదు కాలేదు. హైదరాబాదు కేంద్రంగా లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన ‘స్వేచ్ఛ’ కార్యకర్తలు తెలంగాణ గ్రామాలలో దీనిని వాడిచూసే ప్రయత్నాలు చేశారు.

మోరిలోని పెట్టె, ఫ్రీడంబాక్సు పక్కపక్కన పెడితే లోపలి భాగాలలో పెద్ద భేదం కనబడదు. మొదటిదానికి ప్రభుత్వ ధనం, స్తంభాలు, సిబ్బంది, ప్రచారం ఉన్నాయి. రెండోదానికి పట్టుమని పదిమంది స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. ఇళ్లకు మొదటిదే చేరడంలో వింత లేదు. నా అభిప్రాయంలో లోపం పోటీలో లేదు, రెండూ ఎన్నడూ కలవకపోవడంలో ఉంది. ప్రజాధనంతో ఇచ్చిన పెట్టెకు ఒక డిస్కు తగిలించుకుని ఇంటివారి వస్తువులు దాచుకునే సౌకర్యం కల్పించడానికి కావలసిన సాఫ్ట్‌వేరు 2016 నాటికే ఉచితంగా లభ్యమవుతోంది. దానికి అయ్యే అదనపు ఖర్చు డిస్కుదే. ఆ ప్రశ్న అప్పటి ఉపన్యాసాలలో వేగం, ఛానళ్ల సంఖ్యల మధ్య చోటుచేసుకోలేదు.

8. చెరువులో ఏముండాలి

కొత్త సినిమాలను అక్రమంగా దించుకుని పేర్చడానికే ఇంటి సర్వరు అనే అపవాదు ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రాలపై హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. ఆ పరిధిలోని వాటిని కొనుక్కోవడమో అద్దెకు చూడడమో చేయాలి. కోనసీమ ఇంటి సర్వరుకు నిజంగా తగిన సరుకు వేరే ఉంది. అది అటకపై ఉంది.

గల్ఫ్ నుండి వచ్చిన వీసీఆర్ కాలపు పెళ్లి క్యాసెట్లకు ఈ తేమలో బూజు పడుతోంది. వాటిని ఆడించే యంత్రాల తయారీ 2016తోనే ఆగిపోయింది, ఉన్నవాటికి హెడ్డు మార్చేవారు అరుదయ్యారు. మూడు గంటల క్యాసెట్టును మామూలు నాణ్యతతో డిజిటల్‌గా మారిస్తే నాలుగైదు గిగాబైట్లు అవుతుంది. ఒక కుటుంబానికి పది క్యాసెట్లు ఉన్నా 64 గిగాబైట్ల కార్డులో ఇముడుతాయి. కేబుల్ ఆపరేటర్ల గదుల్లో మిగిలిన తీర్థాల, రథోత్సవాల క్యాసెట్లది ఇంతకంటే పెద్ద పని. దానికి గ్రామ గ్రంథాలయమో కళాశాల తెలుగు శాఖో పూనుకోవాలి.

మార్పిడి పూర్తయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. జెల్లీఫిన్‌లో సినిమా ఫైలు పెడితే దాని నటీనటుల పేర్లు, గోడపత్రిక బొమ్మ ఇంటర్నెట్ పట్టికల నుండి అదే తెచ్చుకుంటుంది. 1991లో రాజోలులో జరిగిన ఒక పెళ్లికి అటువంటి పట్టిక ప్రపంచంలో ఎక్కడా లేదు. సంవత్సరం, ఊరు, సందర్భం ఫైలు పేరులో చేర్చాలి. బంతిలో కూర్చున్నవారెవరో, సన్నాయి వాయిస్తున్నది ఎవరో, పందిరి వెనుక కనబడే తోట ఎవరిదో విడిగా ఒక పత్రంలో రాసి ఆ వీడియో పక్కనే ఉంచాలి. ఆ పేర్లు చెప్పగలిగినవారు చాలా ఇళ్లలో ఇప్పుడు డెబ్బై దాటిన ఇద్దరో ముగ్గురో. వారిని టీవీ ముందు కూర్చోబెట్టి, వీడియో ఆపుతూ నడుపుతూ, ఒక్కొక్క ముఖం దగ్గర అడిగి రాసుకోవాలి. ఒక క్యాసెట్టుకు రెండు మధ్యాహ్నాలు పడుతుంది.